పడవెక్కిన ఆడమనిషి

జిరాక్స్ షాపు తాతారావు కాలిపోయిన మూడో రోజుకి, అతని కోసం స్టేషనుకి వచ్చేవాళ్లు ఆగిపోయారు. అతని దగ్గర వదిలేసిన కాగితాల కోసం వచ్చేవాళ్లు మాత్రం ఆగలేదు. ఒకరిది కూతురి టీసీ, ఇంకొకరిది పొలం పాసుపుస్తకం. మనిషే పోయాడండీ అంటే అయ్యో అని తలూపి, మళ్లీ కాగితం సంగతే అడుగుతున్నారు. ఇన్‌స్పెక్టర్ అమ్మిరాజుకి వాళ్ల మీద కోపం రావడం కూడా మానేసింది. కోపానికీ ఓపిక కావాలి.

కేసు పైకి చూస్తే అరటిపండు ఒలిచిపెట్టినట్టే ఉంది. సాగరదీప్తి అనే పుస్తకాల కంపెనీ ఈ ఎండాకాలం పిల్లల కోసం సముద్రం కథల పుస్తకం ఒకటి వేసింది. ప్రైవేటు బళ్లన్నీ కొంటున్నాయి. కాట్రేనికోన దగ్గర సర్కారు బడిలో పనిచేసే లక్ష్మీతులసి టీచరు, ఆ పుస్తకాన్ని అమలాపురంలో తాతారావు చేత జిరాక్సులు తీయించి అమ్మిస్తోందని కంపెనీ ఫిర్యాదు. సోమవారం సాయంత్రం కంపెనీ తరఫు మనిషి చరణ్ ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని షాపు మీద పడి, స్పైరల్ బైండింగ్ చేసిన కట్టలు రెండు పట్టుకున్నాడు. మంగళవారం తెల్లారేలోపు షాపు తగలబడింది. వెనక గదిలో పడుకున్న తాతారావు పొగకే పోయాడు. ఇంకా చీకటి ఉండగా షాపు ముందు తెల్ల స్కూటర్ ఆగి ఉండడం పాలుపోసే పోలిరాజు చూశాడు. నడిపిన మనిషి రెయిన్‌కోటులో ఉండడంతో ఆడో మగో తెలియలేదు. స్కూటర్‌ని మాత్రం గుర్తుపట్టాడు. అది టీచరుది.

సాక్ష్యం తగలబెట్టబోయి మనిషిని తగలబెట్టిందని చరణ్ లెక్క. పొద్దున్న ఆవిణ్ణి స్టేషనుకి తెచ్చారు. సాయంత్రం కోర్టు లేచేలోపు హాజరుపరచాలి. రిమాండ్‌కి వెళితే సస్పెన్షన్ దానంతటదే వస్తుంది. ఆ తర్వాత కేసు నిలిచినా పడిపోయినా, మనిషిని కాల్చిన టీచరు ముందు తమ పిల్లల్ని ఎవరూ కూర్చోబెట్టరు.

వరండాలో ఆవిడ భర్త మణికంఠ ఉన్నాడు. కువైట్‌లో కొన్నేళ్లు చేసి వచ్చి, కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, ఇప్పుడేదో ఏజెన్సీ అంటున్నాడు. అతనికి హెడ్ కానిస్టేబుల్ దుర్గాసాయి తన కుర్చీ తెచ్చి వేశాడు. అనుమానితురాలి మొగుడికి కుర్చీ ఏమిటయ్యా అని అమ్మిరాజు అడిగితే, దుర్గాసాయి సిగ్గుపడకుండానే చెప్పాడు. లక్ష్మీతులసి పుట్టిల్లూ, చచ్చిపోయిన తాతారావు ఇల్లూ, తన ఇల్లూ ఒక్క వీధే.

"అల్లుడుగారు నిలబడితే వీధికి బాగోదండి."

ఆ వీధిలో ఒకింటి అల్లుడు అందరింటి అల్లుడే. చావొచ్చినా ఆ మర్యాద తగ్గదు. అమ్మిరాజు లోపలికి వెళ్లాడు.

లక్ష్మీతులసి బల్లకి అటువైపు కూర్చుంది. పక్కన మహిళా కానిస్టేబుల్ దుర్గాభవాని. టీచరు కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. అడిగినదానికి అడిగినంత చెప్పింది. కాపీలు తీయించిన మాట నిజం. కానీ ఆ పుస్తకంలోంచి కాదు. తన క్లాసు పిల్లల ఇళ్లన్నీ సముద్రం మీద చేపల వేటకి వెళ్లే ఇళ్లు. పాఠాల పుస్తకంలో రైలుంది, కొండ ఉంది, వాళ్లకి తెలిసింది ఒక్కటీ లేదు. చదవమంటే నోరు విప్పరు. అందుకని ఒక పిల్ల నాయనమ్మ బుజ్జమ్మ చెప్పే కథలు విని, తన మాటల్లో రాసి, క్లాసులో చదివించడానికి పంచింది. ఇదంతా పోయినేడు బడి తెరిచినప్పటి సంగతి. కంపెనీ పుస్తకం అప్పటికి పుట్టనే లేదు.

"అంటే వాళ్లే మీ దగ్గర ఎత్తుకుపోయారంటారు."

"నేనేమీ అనటం లేదండి. మా పిల్లలు చదివేరు. నాకు కావలసింది అదే."

"మీరు రాసిన అసలు కాగితాలు ఏవి?"

అవి ఇంట్లో లేవని చెప్పింది. అందరు టీచర్లవీ ఎక్కడుంటాయో అక్కడే ఉండేవి, తాతారావు షాపులో. ప్రతి టీచరు పేరున అతని దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అసలు ప్రతి అందులో పెట్టి వెళితే, కావలసినప్పుడు ఫోన్ చేసి ఎన్ని కాపీలో చెబితే చాలు. రెండు వారాల కిందట ఈ ఏడు పిల్లల కోసం కాపీలు అడిగితే, కవరు వెతికి తీస్తానమ్మా అన్నాడట. రెండోసారి అడిగితే వర్షానికి మిషను మొరాయిస్తోందన్నాడట. మూడోసారి ఫోనే ఎత్తలేదట.

అమ్మిరాజు స్కూటర్ సంగతి ఎత్తాడు. మంగళవారం తెల్లవారుజామున తాను నిద్రలో ఉన్నానంది. మరి స్కూటర్ ఎవరు తీశారంటే గోడవైపు చూసింది. ఇంకోసారి అడిగాడు. గోడే చూసింది. ఈవిడ తన గురించి భయపడటం లేదని అమ్మిరాజుకి అప్పుడే అనుమానం వచ్చింది. తన గురించి భయపడేవాళ్లు ఇంత తక్కువ మాట్లాడరు.

షాపులో పెట్రోలు వాసన ఇంకా పోలేదు. పైకప్పు రేకులు వంగి వేలాడుతున్నాయి. అమ్మిరాజు మోకాళ్లు పట్టుకుని వంగి, కూర్చుని, మళ్లీ లేవడానికి మిషను ఆసరా చేసుకున్నాడు. దాని అద్దం పేలిపోయి ఉంది. పట్టుకున్న కట్టలు కింది అరలో దొరికాయని చరణ్ రాయించాడు. కింది అర సగం కూడా కాలలేదు. బాగా కాలింది కుడిగోడకున్న ఇనుప రాక్. నిప్పు అక్కడే మొదలైంది. టీచర్ల కవర్లు పెట్టేది అందులోనే.

కవర్లన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుని, ఇటికల వరసలా బిగుసుకుపోయాయి. మధ్యలో ఒక్కచోట సందుంది. అమ్మిరాజు టార్చి వేశాడు. కవర్లున్నచోట గోకి చూస్తే వెనక రేకు తెల్లగా ఉంది. కవరు అడ్డుండడంతో మసి పట్టలేదు. సందులో మాత్రం రేకు కడదాకా నల్లబడి ఉంది. నిప్పంటుకునేసరికే అక్కడ కవరు లేదు. అర అంచు మీద పెయింటుతో రాసిన పేర్లలో, ఆ సందు కింద పేరు పెచ్చులూడినా చదవడానికి వచ్చింది. లక్ష్మీతులసి.

"ఇంకా నేలమీద పాకుతున్నారా గురువుగారూ? కాళ్లు బాగా లేవని విన్నాను."

గుమ్మంలో చరణ్. ఒకప్పుడు అమ్మిరాజు కింద ట్రైనింగ్ చేసిన ఎస్సై. ఉద్యోగం వదిలి కంపెనీల తరఫున దొంగ కాపీలు పట్టే పనిలో చేరాడు. చొక్కా మడత నలగదు. కాలిన గుమ్మాన్ని ఆనుకోకుండా నిలబడ్డాడు.

ఆవిణ్ణి ఇంకా కోర్టుకి పంపలేదేమని అడిగాడు. కాపీరైట్ చట్టం అరవై మూడో సెక్షన్, పైన హత్య, ఇంకేం కావాలన్నాడు.

"అరవై మూడు చదివేవు బానే ఉంది. దానికి ముందు యాభై రెండు ఉంటుంది, అది తిప్పేశావా? క్లాసులో పాఠం చెప్పడానికి టీచరు కాపీ తీసి పంచితే నేరం కాదు. మీ పుస్తకంలోంచే తీసిందనుకో, అప్పుడూ కాదు."

"పాఠానికైతే కాదు. అమ్మకానికైతే అవుతుంది. బైండింగ్ చేసిన కట్టలు పాఠం కోసమా అండీ?"

అమ్మిరాజు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. స్టేషనులో జిరాక్స్ మిషను పాడై ఏడాది దాటింది. ఎఫ్ఐఆర్ కాపీలన్నీ తాతారావు దగ్గరే తీయిస్తున్నారు. అద్దం మీద గీత పడడంతో, ఆ మిషనులోంచి వచ్చిన ప్రతి కాగితానికీ ఎడమ అంచున వెంట్రుకంత నల్లగీత ఉంటుంది. తాతారావు మార్పిస్తానంటూనే పోయాడు. టీచరు పిల్లలకి పంచిన కాపీల మీద ఆ గీత ఉంది. జేబులో ఎఫ్ఐఆర్ మీద ఉంది. చరణ్ పట్టుకున్న కట్టల్లో ఒక్క పేజీ మీదా లేదు.

"ఆ కట్టలు ఈ మిషనులో పుట్టలేదు. ఎక్కడివి?"

చరణ్ మొహం మారలేదు. ఆ గుణం అమ్మిరాజు నేర్పిందే.

"వేరేచోట తీయించి ఇక్కడ అమ్ముకుంటున్నాడేమో. చచ్చినవాణ్ణి అడగలేం కదండీ. మీ గీత వాడికి పనికొస్తుంది, కేసు కొట్టేయొచ్చు. బతికున్న ఆవిడకి ఏం పనికొస్తుంది? స్కూటర్ మీద గీత లేదుగా."

"కథలు ఎవరివి?"

"కథలు సముద్రానివి. ఎవడైనా రాసుకోవచ్చు. మా రచయితలు ఊళ్లు తిరిగి బెస్త ముసలివాళ్ల దగ్గర విని రాసేరు. ఆ రాత మాది. ఆవిడా వినే రాసిందంటారు, కాదనను. ఎవరు ముందు రాసేరో చూపించే కాగితం ఉంటే తెమ్మనండి."

అలా అంటున్నప్పుడు అతని కళ్లు రాక్ వైపు తిరగలేదు. షాపంతా చూసిన కళ్లు అటొక్కవైపే వెళ్లలేదు. అమ్మిరాజు అది గమనించి ఊరుకున్నాడు. ఆ ఒక్కదానితో కోర్టులో ఏమీ రుజువు కాదు.

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు స్టేషనుకి వచ్చారు. చరణ్ వరండా ఎక్కి, కుర్చీలో ఉన్న మణికంఠ ముందునుంచే నడిచివెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. పెళ్లాన్ని జైలుకి పంపుతున్నవాడు ఎదురుగా వస్తే, మొగుడన్నవాడు లేచి చొక్కా పట్టుకోకపోయినా తలెత్తి చూస్తాడు. మణికంఠ నేల చూశాడు. చరణ్ గోడమీద క్యాలెండరు చూశాడు. అమ్మిరాజు ఇద్దర్నీ చూసి, తన గదిలోకి వెళ్లి, బీపీ మాత్ర వేసుకుని, బల్ల మీద కంపెనీ పుస్తకాన్నీ టీచరు కాపీల్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు.

కథలు కథలుగా అవే. మాటలు అక్కడక్కడ నున్నగా చేశారు. కోర్టులో చరణ్ అన్న మాటే అంటారు, ఇద్దరూ ఒకరి దగ్గరే విన్నారని. చివరి కథ దగ్గర అమ్మిరాజు ఆగాడు. వేటకి వెళ్లిన మనిషి తిరిగిరాని కథ. టీచరు కాపీలో, పెళ్లాం ఒడ్డున దీపం పట్టుకుని సముద్రం పోటు మారేదాకా నిలబడుతుంది, ఆ వెలుగు చూసుకుని పడవ వస్తుంది. కంపెనీ పుస్తకంలో అలా లేదు. పెళ్లాం కొంగు బిగించి, తనే ఇంకో పడవెక్కి, తెడ్డువేసుకుంటూ వెళ్లి మొగుణ్ణి తెస్తుంది.

అమ్మిరాజు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. అతని తల్లిది ఉప్పలగుప్తం దగ్గర వేటగాళ్ల ఇల్లు. చిన్నప్పుడు ఒడ్డున లాగిపెట్టిన పడవ నీడలో ఆడపిల్ల కూర్చుంటేనే అరిచేవారు. వేటపడవలో ఆడమనిషి కాలు పెట్టదు. అది మంచిదో చెడ్డదో వేరే సంగతి. అక్కడ పుట్టిన ఏ ముసలిదీ నోటితో ఆ ముగింపు చెప్పదు. ఊళ్లు తిరిగి విన్నామంటున్న రచయితలు దాన్ని ఎక్కడ విన్నట్టు?

పుస్తకం పట్టుకుని లక్ష్మీతులసి దగ్గరికి వచ్చి, ఆ పేజీ తెరిచి పెట్టాడు. ఆవిడ చదువుతూ చదువుతూ ఆగిపోయింది. పుస్తకం బయటికొచ్చాక కొని చూడలేదట. చూస్తే బాధ తప్ప ఏముందని ఊరుకుందట.

"ఇది నాదండి," అంది. "బుజ్జమ్మగారిది కాదు. ఇది నా సొంతం."

అప్పుడు చెప్పింది. బుజ్జమ్మ కథ ఎప్పుడు చెప్పినా చివరిది పూర్తిచేసేది కాదు. కొడుకులు వేటలో ఉండగా ఆ కథ ఆఖరు చెప్పకూడదని పట్టు. లక్ష్మీతులసి కొత్తపేట, అమలాపురం తప్ప సముద్రం ఒడ్డు కట్టుబాట్లు ఎరగని మనిషి. ఆగలేక తనే ఒక ముగింపు రాసేసింది. క్లాసులో ఆడపిల్లలకి ధైర్యంగా ఉంటుందని పడవెక్కించింది. కాపీలు పంచిన మర్నాడే బుజ్జమ్మ బడికి వచ్చింది. తిట్టలేదు. మనవరాలి కాగితం మడిచి బల్ల మీద పెట్టి, "మా ఆడోళ్లు పడవెక్కరమ్మా. ఎక్కితే అది మా కథ కాదు," అని వెళ్లిపోయింది.

టీచరు ఆ రోజే పిల్లల దగ్గర కాపీలన్నీ వెనక్కి తీసుకుని, మధ్యాహ్న భోజనం వండే పొయ్యిలో పెట్టించింది. కొడుకులు తిరిగొచ్చాక బుజ్జమ్మ దీపం ముగింపు చెప్పింది. దాన్ని రాసి, తాతారావు చేత కొత్త కాపీలు తీయించి పంచింది. అతను కొత్త పేజీ కవర్లో పెట్టి, పాతది కూడా అందులోనే ఉంచేశాడు. ఏ టీచరు కాగితమూ పారేసే అలవాటు అతనికి లేదు.

"అంటే మీరు రాసిన పాత ముగింపు ఈ లోకంలో ఎక్కడెక్కడుంది?"

"ఆ కవర్లో ఒక్కచోటేనండి."

"ఇప్పుడు ఈ పుస్తకంలో."

"ఆయ్, అవునండి."

దుర్గాభవాని కుర్చీ ముందుకి జరుపుకుంది. అమ్మిరాజుకి చాలా రోజుల తర్వాత నడుము నిటారుగా నిలిచింది. ఇంక దాక్కునేందుకు ఏమీ లేదు. పుస్తకం ఆ కవర్లోంచి పుట్టింది. ఇవాళో రేపో టీచరు కాపీలు ఎవరి కంటనైనా పడితే కంపెనీ దొంగతనం బయటపడుతుంది కాబట్టి, ముందు కంపెనీయే దొంగా దొంగా అని అరిచింది. సోమవారం కట్టలు పట్టుకున్నారు. దానితో తాతారావు నోరు విప్పక తప్పని పరిస్థితి వచ్చింది, కవరు ఎవరికిచ్చాడో అతనొక్కడికే తెలుసు. మంగళవారం తెల్లారేలోపు పోయాడు. తగలబెట్టింది కాగితాల కోసం కాదు.

ఆ కవరు తీసుకున్నవాడి పేరు ఒక్కటి దొరికితే ఈవిడ సాయంత్రానికి ఇంటికి వెళుతుంది.

"తాతారావు మీ కవరు ఎవరికిచ్చాడు?"

"తాతారావు బాబాయిగారు ఎవరికీ ఇవ్వరండి," అంది లక్ష్మీతులసి. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో పొద్దున్నుంచి లేని వెచ్చదనం వచ్చింది. "మా హెడ్‌మాస్టర్ జ్ఞానప్రకాశంగారు వెళ్లి అడిగితేనే, తులసమ్మ వచ్చి చెప్పాలండీ అని వెనక్కి పంపేసేరు. కాలేజీ వాళ్లు అడిగినా అంతే. నా మనిషన్నవాళ్లకి తప్ప, మా ఇంట్లో..."

ఆగిపోయింది.

అమ్మిరాజు తొందరపెట్టలేదు. అతనికీ అదే క్షణంలో తట్టింది. ఎవరడిగినా ఇవ్వనివాడు అల్లుడుగారు అడిగితే కాదనలేడు. తులసి తెమ్మందండీ అంటే, కవరు తుడిచి, రెండు చేతులతో ఇచ్చి ఉంటాడు. తిరిగి తేకపోతే, నీ మొగుడు పట్టుకుపోయాడమ్మా అని ఆ పిల్లతో అనడానికి నోరు రాక, మిషను మొరాయిస్తోందని అబద్ధాలాడి ఉంటాడు. ఇంకో ఊళ్లో అయితే ఆ ఒక్క మాట అనేసి బతికిపోయేవాడు.

"మీవారిది ఏ ఏజెన్సీ అమ్మా? పుస్తకాలదేనా?"

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు చూసుకుంది. మంగళవారం తెల్లవారుజామున పక్కన మంచం ఖాళీగా ఉందన్న సంగతి ఆవిడకి ముందే తెలుసు. ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడు తెలిసింది. బయట దుర్గాసాయి, అల్లుడుగారూ ఇంకో టీ చెప్పమంటారా అని అడుగుతున్నాడు. వద్దండి అన్న గొంతు లోపలికి స్పష్టంగా వినపడింది.

తలుపు దగ్గర చప్పుడైంది. చరణ్ వచ్చి నిలబడ్డాడు. కోర్టు టైమైపోతోందని గుర్తుచేయడానికి వచ్చానన్నాడు.

"ఆ కవరు నేనే తెచ్చేసుకున్నానండి," అంది లక్ష్మీతులసి.

ఎప్పుడు తెచ్చారని అమ్మిరాజు అడిగాడు. కిందటి నెలలో అంది. ఇందాక కాపీల కోసం తాతారావుకి మూడుసార్లు ఫోన్ చేశానన్నారే, కవరు మీ దగ్గరుంటే ఎందుకు చేశారని అడిగాడు. పొరపాటుగా చెప్పానంది. కవరు ఇప్పుడేదంటే చింపేశానంది. అబద్ధాలాడడం అలవాటు లేని మనిషి. ఒక్కొక్కటీ తడుముకుంటూ తెచ్చింది. అయినా ఆగలేదు.

"రాసుకోండి గురువుగారూ," అన్నాడు చరణ్ మెల్లగా. ఈసారి ఆ గొంతులో ఎగతాళి లేదు. అడక్కుండానే దక్కినవాడి జాగ్రత్త ఉంది.

అమ్మిరాజు అతనివైపు చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని టీచరు ఎదురుగా కూర్చున్నాడు. చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు. కవరు మీరే తెచ్చుకుంటే, పాత ముగింపు ఇంకెవరి చేతికీ పోలేదు. మీ కథ వాళ్లు దొంగిలించారనడానికి దారే లేదు, వాళ్ల పుస్తకం చూసి మీరే రాశారంటారు. తాతారావుకి తెలిసిన రహస్యం మీదవుతుంది. స్కూటర్ ఎలాగూ మీదే. పెట్రోలు మీది, అగ్గిపుల్ల మీది, ఆ చావు మీది. ఆ బడీ, ఆ పిల్లలూ ఇక లేరనుకోవాలి.

"నేను దీన్ని రాస్తే మళ్లీ చెరపడం నా చేతుల్లో ఉండదు. మీరు బాబాయని పిలిచినవాడు పొగలో ఊపిరాడక చచ్చేడు. ఆ కవరు తెచ్చింది మీరేనా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. వరండా వైపు చూడకుండా అమ్మిరాజు కళ్లలోకే చూసింది.

"ఆయ్," అంది.